కావాలనే అలా తీశాం!

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు, మూడోసారి నేను చదవను. అధ్యక్షులవారు ఏమీ అనుకోరని ధైర్యం.

నాకిచ్చిన అంశం ‘సినిమా విమర్శ – నేటి తీరు’. కాగితం కూడా రాసుకొచ్చాను. కానీ నా ముందు మాట్లాడిన మిత్రులు, “విమర్శకులు ముందు ఒక సినిమా తీసి చూపించాలి” అన్నారు. మీరేమో చప్పట్లు కొట్టారు. ఇక ఆ కాగితం జేబులోనే ఉంటుంది.

ఈ మాట నేను వినడం ఇది మొదటిసారి కాదు. ఒక నిర్మాతగారు రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసి, “నువ్వు ఒక్క షాట్ తీసి చూపించు, నీ కాళ్ళకి దణ్ణం పెడతా” అన్నారు. ఇంతకీ నేను రాసిందేమిటి? ఇంటర్వెల్ తర్వాత హీరో చెల్లెలు కనబడలేదని రాశాను. అరగంట తిట్టారు. ఆ పిల్ల ఏమైందో మాత్రం చెప్పలేదు.

సరే, తీసి చూపించినవాళ్ళు లేరా? ఫ్రాన్స్‌లో ట్రూఫో అనే సినిమా విమర్శకుడు ఉన్నాడు. అతని రాతలకి ఒళ్ళు మండి 1958లో కాన్ సినిమా ఉత్సవానికి రానివ్వలేదు. మరుసటి ఏడాది అదే కాన్‌లో ఉత్తమ దర్శకుడి బహుమతి పట్టుకెళ్ళాడు. మన దగ్గర కత్తి మహేష్ సమీక్షలు రాస్తూనే 2015లో ‘పెసరట్టు’ తీశారు. బాగుందా లేదా అన్నది వేరే సంగతి, ఆయన మాత్రం సినిమా అనుకునే తీశారు.

నేను చెప్పబోయేది ఇంకో రకం విమర్శకుల గురించి. అమెరికాలో మిల్వాకీ అని ఒక ఊరు, చికాగో నుంచి కారులో గంటన్నర దారి. అక్కడ రెడ్ లెటర్ మీడియా అని ఒక చిన్న బృందం ఉంది. మైక్ స్టొక్లాసా, జే బౌమన్, రిచ్ ఎవాన్స్ అందులో ముఖ్యులు. 2009 చివర్లో, ‘స్టార్ వార్స్’ అనే అంతరిక్ష సినిమాల వరుసలో తర్వాత వచ్చిన ఒకదాని మీద 70 నిమిషాల వీడియో సమీక్ష పెట్టారు. ప్లింకెట్ అనే చాదస్తపు ముసలాడు మాట్లాడుతున్నట్టు ఉంటుంది అది. అందులో ఒక పరీక్ష ఉంది. పాత్ర ఎలా ఉంటుందో, ఏం బట్టలు వేసుకుంటుందో, ఏం పని చేస్తుందో చెప్పకుండా ఆ పాత్ర గురించి చెప్పమంటారు. పాత సినిమాలో హాన్ సోలో అనగానే జనం గడగడా చెప్పేస్తారు. కొత్త సినిమాలో క్వై-గాన్ దగ్గరికొచ్చేసరికి నీళ్ళు నములుతారు.

మనమూ చేద్దామా? మీరు ఈ మధ్య చూసిన పెద్ద సినిమాలో హీరో గురించి చెప్పండి. డాన్స్ అనకూడదు, గడ్డం అనకూడదు, పోలీసు అనకూడదు. చెప్పండి. మూడో వరుసలో బాబూ, నువ్వు?

సరే, కూర్చో నాన్నా.

ఇంత తెలిసినవాళ్ళు సినిమా తీస్తే ఎలా ఉండాలి? 2010లో ‘ఫీడింగ్ ఫ్రెంజీ’ అని రబ్బరు బొమ్మ రాక్షసులతో ఒకటి తీశారు. తర్వాత ఏళ్ళ తరబడి సాగదీసి, 2016లో ‘స్పేస్ కాప్’ అని ఇంకొకటి వదిలారు. భవిష్యత్తు నుంచి వచ్చిన పోలీసు ఒకడు, గతంలోంచి వచ్చిన పోలీసు ఒకడు, వాళ్ళిద్దరూ మన కాలంలో జత కడతారు. సెట్లు చవక, గ్రాఫిక్స్ చవక, జోకులు ఇంకా చవక. అన్నీ కావాలనే.

నా పేచీ ఇక్కడే. బాగుంటే “చూశారా మా ప్రతిభ”. బాగోలేకపోతే “కావాలనే అలా తీశాం, మీకు అర్థం కాలేదు”. దీన్ని ఎవరు సమీక్షించగలరు చెప్పండి? జీవితమంతా ఇతరుల పేపర్లు దిద్దినవాడు తన పేపర్ మీద మార్కులు వేసే చోటే లేకుండా చేసుకున్నాడు. మా నిర్మాతగారు కనీసం అరగంట తిట్టారు. చెల్లెల్ని కావాలనే మాయం చేశామని ఆయన అనలేదు. ఆ విషయంలో ఆయనకి నేను దణ్ణం పెడతాను.

కావాలని కాకుండానే చెత్తగా వచ్చిన సినిమా, ఎడ్ వుడ్ తీసిన ‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’ గురించి చెప్పకపోతే నాకు అన్నం సయించదు. అందులో నటుడు బేలా లుగోసీ 1956లో చనిపోయాడు. ఆయన మీద తీసిన ముక్కలు కొన్నే ఉన్నాయి. వుడ్ ఏం చేశాడు? తన భార్యకి వెన్ను సరిచేసే వైద్యుణ్ణి తెచ్చి ఆయన బదులు నిలబెట్టాడు. అతను లుగోసీ కంటే పొడుగు, వయసులో చిన్న, మొహంలో పోలికే లేదు. అందుకని సినిమా అంతా నల్ల దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకుని తిరుగుతాడు. సమాధి రాళ్ళు అట్టముక్కల్లా ఊగుతాయి. ఒకే సీన్లో పగలూ రాత్రీ అవుతాయి. 1980లో ఒక పుస్తకం దీన్ని ప్రపంచంలోకెల్లా చెత్త సినిమాగా తేల్చింది. ఈ రోజుకీ జనం చూస్తున్నారు. ఎందుకంటే ఆ దుప్పటి వెనక ఒక మనిషి నిజంగా సినిమా తీస్తున్నాడు. చనిపోయిన స్నేహితుణ్ణి తెర మీద వదులుకోలేకపోయాడు.

2003లో ‘ది రూమ్’ తీసిన టామీ వైసో మొదట్లో అది గంభీరమైన డ్రామా అన్నాడు. జనం నవ్వుతున్నారని తెలిశాక బ్లాక్ కామెడీ అనడం మొదలుపెట్టాడు. గోడుగోడున ఏడవాల్సింది పోయి! ఆయనా ‘కావాలనే’ పార్టీలో చేరిపోయాడు.

మరి ‘హృదయ కాలేయం’ సంగతేమిటని అడుగుతారు, నాకు తెలుసు. 2014. అదీ కావాలనే తీసిందే. రాజమౌళి దాని పోస్టర్ గురించి ట్వీట్ చేశాక ఊరూవాడా తెలిసింది. కానీ సంపూర్ణేష్ బాబుని గమనించండి. ఎక్కడా కన్ను కొట్టడు. “నేను జోకు వేస్తున్నాను సుమా” అని మనకి సైగ చేయడు. ‘కొబ్బరి మట్ట’లో పాపారాయుడు, పెదరాయుడు, ఆండ్రాయుడు అని మూడు పాత్రలు వేసి, మూడింటినీ కన్నతండ్రి మీద ఒట్టేసినంత శ్రద్ధగా చేశాడు. వాటి వెనకున్న సాయి రాజేష్ తర్వాత ‘బేబీ’ రాసి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. చెత్తగా తీయాలన్నా అంత పని ఉందన్నమాట.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ప్లింకెట్ పరీక్ష ఆ స్పేస్ కాప్ పాత్రకే పెట్టి చూశాను. మొరటు, మూర్ఖుడు, తనంతటివాడు లేడనుకుంటాడు. క్షణంలో వచ్చేశాయి మాటలు. అంటే వాడు పాసయ్యాడు! చెత్తగా తీస్తున్నామని చెబుతూనే, పాత్ర రాసేచోట మాత్రం వాళ్ళకి చేతులాడాయి. నాకు కోపం వచ్చేదీ అందుకే. చేతనైనవాడు చేతకానట్టు నటిస్తే ఎలా?

టైమైపోయిందని చీటీ వచ్చింది. ఒక్క కోరిక. మన సంఘం వచ్చే నెల ప్రదర్శనలో ముందు ‘ప్లాన్ 9’, వెంటనే ‘స్పేస్ కాప్’ వేయాలి. డిస్కులు నేను తెస్తాను. హాలు అద్దె సంగతి కార్యదర్శిగారు చూసుకుంటారు. ఆయన అడ్డంగా తలూపుతున్నారు కానీ, దాన్ని సరే అన్నట్టుగానే మినిట్స్‌లో రాయమని మనవి.