చెరకు చేలో చక్రాల దారి

అందరికీ నమస్కారం. ఈ పూట ఎరువుల జోలికీ కొత్త రకాల జోలికీ పోను. పెట్టిన తడి నేలలోకి ఎందుకు దిగడం లేదో, అదొక్కటే మాట్లాడుకుందాం.

మొక్కతోటలో సాఫీగా ఇంకిన తడి, రెండో కార్శికి, అంటే కోసిన దుబ్బు రెండోసారి చిగిర్చి పెరిగే తోటకు, వచ్చేసరికి కాలువలోనే నిలబడిపోతుంది. మోటారు ఆపి మర్నాడు వెళ్లినా నీళ్లు మెరుస్తూనే ఉంటాయి. చేను బాగా తడిసిందిలే అనుకుంటాం. నాలుగు రోజులకే ఆకు చుట్టుకుపోతుంది! అడుగు లోతు తవ్వి చూస్తే కింద పొడి మన్నే. ఎకరాకు అంగుళం నీరంటే లక్ష లీటర్ల పైమాట. అందులో కొంత ఎండకు, కొంత చివరి మడి దాటి పోయింది. మళ్లీ మోటారు వేస్తాం.

కారణం కిందటి కోతలో ఉంది. తడి ఆరని చేలోకి నిండు ట్రాలీ దిగింది. ఘనపు సెంటీమీటరు ఎండు మట్టి 1.3 గ్రాములు తూగితే ఆ నేలలో సగం ఖాళీయే. అణిగి 1.6కి చేరితే ఖాళీ 40 శాతానికి పడిపోతుంది. తేడా 10 శాతమే కదా అనిపిస్తుంది. కానీ ముందు మూసుకుపోయేవి పెద్ద సందులు, నీటిని కిందికి దింపేవి అవే. గొట్టం వెడల్పు సగమైతే పారే నీరు సగం కాదు, పదహారో వంతవుతుంది. ఇదీ అంతే.

నల్లరేగడి ఎండి నెర్రెలిచ్చి కొంతవరకు తనే తేరుకుంటుంది. ఎర్రగరప నేలకు ఆ గుణం తక్కువ.

రోటవేటర్ వేశాం కదా అంటారు. అది నాలుగైదు అంగుళాలు పిండి చేసి చూపిస్తుంది, కంటికి బాగుంటుంది. దాని కిందే గట్టి పొర మిగిలిపోతుంది. దుబ్బు పక్కన తవ్వితే వేళ్లు అక్కడిదాకా నిట్టనిలువుగా దిగి, ఆ పొర తగలగానే పక్కకు తిరిగి చాపలా పరుచుకుని ఉంటాయి. వేసవిలో, నేల బాగా ఎండినప్పుడు లోతుగా చీల్చే చీజిల్ నాగలితో ఆ పొర పగలగొట్టాలి. తడిలో దున్నితే పొర పగలదు, డీజిల్ దండగ. పగలగొట్టిన నేలనే మళ్లీ అడ్డదిడ్డంగా తొక్కిస్తే ఏడాదికల్లా మొదటికొస్తుంది.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో చెరకు దిగుబడి మందగిస్తే, 1990లలో పరిశోధకులు ఏళ్ల తరబడి కారణాలు వెతికారు. తేలినవాటిలో ఇదొకటి: సాళ్ల ఎడం సుమారు 1.5 మీటర్లు, యంత్రాల చక్రాల ఎడం సుమారు 1.8 మీటర్లు. చక్రం సాలు అంచునే తొక్కుతోంది. సాళ్లను చక్రాలకు సరిపోయేలా వెడల్పు చేసుకోమన్నారు, దున్నకం తగ్గించి, పంటకూ పంటకూ మధ్య పప్పుజాతి పైరు వేయమన్నారు. మనకు జనుము, జీలుగ కొత్తవేం కాదు. చెత్త తగలబెట్టడం మానుకుంటే ఇంకా మంచిది.

కోతకు ముందు రెండు మూడు వారాలు తడి ఆపండి అంటే, ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ ఎప్పుడొస్తుందో మాకేం తెలుసు అంటారు. న్యాయమే, వాన పడ్డా అదే ఇబ్బంది. అలాంటప్పుడు ట్రాలీని గట్టు దగ్గరే ఆపి మోపులు మోయించండి. కూలి ఖర్చు పెరుగుతుంది, కాదనను. అది కుదరకపోతే వచ్చీపోయే ప్రతి ట్రిప్పూ ఒకే దారిన నడిపించండి. చక్రం మొదటిసారి ఎక్కినప్పుడే ఎక్కువ నష్టం జరిగిపోతుంది, పదోసారి ఎక్కితే పెరిగేది కొంచెమే. ఎలాగూ చెడిన దారినే వాడుకుంటే మిగతా చేను దక్కుతుంది.

పక్క కార్శి తోటలో ట్రాక్టర్ నడిచిన చోట ఒక గొయ్యి, నడవని చోట ఒక గొయ్యి తవ్వించి ఉంచాం. రెండు రోజుల కిందట తడి కూడా పెట్టించాం. టీ తాగి అక్కడికి వెళ్దాం, ఇనుప చువ్వ మీరే గుచ్చి చూడండి.