ముందు చక్రంలో ఇరవై బాల్సు

శ్రోతలందరికీ నమస్కారం. ఇవ్వాళ నేను మాట్లాడేది రోడ్ బైక్ గురించి. పెట్రోలు పోసేది అనుకునేరు, కాదు, తొక్కేదే. సన్న టైర్లు, కిందికి వంగిన హ్యాండిలు ఉండే సైకిలు. దాని గురించి మొత్తం చెప్పాలంటే నాకిచ్చిన టైము చాలదు కాబట్టి ముందు చక్రం, ఆ చక్రం నడిమధ్యలో ఉండే హబ్బు, ఆ హబ్బు లోపలి బాల్సు, అంటే చక్రం తేలిగ్గా తిరగడానికి వేసే చిన్న ఉక్కు గుండ్లు, అంతవరకే చెప్తాను.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మీద పడ్డప్పుడు మేము విజయవాడ సింగ్‌నగర్‌లో ఉన్నాం. మేము పై వాటాలో, సైకిలు కింద మెట్ల దగ్గర. నాలుగు రోజులు నీళ్ళలోనే ఉంది. పాల ప్యాకెట్టు ఎప్పుడు దొరుకుతుందా అని మేడ మీద నుంచి పడవల కోసం చూస్తున్నవాడికి సైకిలు ఎక్కడ గుర్తొస్తుంది చెప్పండి. నీళ్ళు తీశాక బురద కడిగాను, చెయినుకి నూనె వేశాను, బ్రేకు వైర్లు మార్పించాను, చూడ్డానికి మళ్ళీ కొత్తదానిలా అయింది. హబ్బు జోలికి మాత్రం పోలేదు. లోపల ఏముందో కనబడదు కదా, అందుకని.

రెండు నెలలు పోయాక ఒక తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం వైపు తిరిగి, కరకట్ట మీదుగా ఉండవల్లి గుహల దాకా వెళ్దామని బయల్దేరాను. ఆ వేళప్పుడు బ్యారేజీ మీద ట్రాఫిక్కు పెద్దగా ఉండదు, అందుకే వినపడింది. గరగర. వినపడటం కంటే ముందు చేతులకే తెలిసింది, హ్యాండిలు పట్టుకున్న అరచేతుల్లో సన్నగా జలదరింపు. మొదట రోడ్డేమో అనుకున్నాను. దిగి, ముందు చక్రం పైకెత్తి, చేత్తో తిప్పి చూస్తే విసుర్రాయి తిప్పినట్టుంది.

మా వీధి చివర రిపేరు షాపు బాబాయి దగ్గరికి తీసుకెళ్తే, ఆయన చక్రం ఊడదీసి, ఇరుసు రెండు కొసలూ వేళ్ళతో పట్టుకుని ఒక్కసారి తిప్పి, "అబ్బాయ్, గ్రీజు పాడైపోయింది, ఇందులో బుడమేరు ఇంకా ఉంది" అన్నాడు. అని నా చేతికి రెండు పల్చటి పానాలిచ్చాడు. "నువ్వే విప్పు, నేను చూస్తా."

ఇరుసు మీద బాల్సుని నొక్కి పట్టేది కోను, ఆ కోను కదలకుండా బిగించేది లాక్ నట్టు. మామూలు పానా మందంగా ఉంటుంది, ఆ రెండింటి మధ్య దూరదు, అందుకని ఈ పని కోసం పల్చటివి వేరే ఉంటాయి. నా హబ్బుకి కోను పానా 13 మిల్లీమీటర్లు, లాక్ నట్టుది 17. ఒక పక్కనే విప్పాలి, రెండో పక్కని ముట్టుకోకూడదు, అది ఎలా ఉన్నది అలా ఉంటే మళ్ళీ బిగించేటప్పుడు ఇరుసు చక్కగా మధ్యకొస్తుంది. విప్పి ఇరుసు లాగితే లోపల గ్రీజు గ్రీజులా లేదు, పాలెక్కువైన టీ రంగులో ముద్దయిపోయి ఉంది, వేలికి ఇసక తగిలింది. పక్కకి పది చొప్పున బాల్సు ఉండాలి. నేను లెక్కపెడితే పంతొమ్మిదే వచ్చాయి. ఇరవయ్యోదాని కోసం అరగంట నేల మీద పాకులాడాను, ఫోను లైటు వేసి బల్ల కింద, డబ్బాల వెనక, ఎక్కడా లేదు. అదంతా చూసి చూసి బాబాయి, "దొరికితే ఏం చేస్తావ్? ఆ ఇరవై ఎటూ పారేసేవే కదా" అన్నాడు. ముందే చెప్పొచ్చుగా! పాత బాల్సు మళ్ళీ వెయ్యరట, కొత్తవి చాలా చవక. వేస్తే అన్నీ కొత్తవే వెయ్యాలి, ఎందుకంటే కొన్ని పాతవీ కొన్ని కొత్తవీ కలిపితే సైజులో వెంట్రుకవాసి తేడా వచ్చినా బరువంతా పెద్దవాటి మీదే పడుతుంది. నా హబ్బులోవి 3/16 అంగుళం, అంటే 4.76 మిల్లీమీటర్లు.

కోనునీ, హబ్బులో బాల్సు కూర్చునే కప్పునీ డీజిల్‌తో కడిగి, తుడిచి, బాల్సు దొర్లే దారి మీద బాల్ పెన్ను మొన పెట్టి మెల్లిగా నడిపించమన్నాడు. కంటికి కనిపించని గుంట పెన్నుకి తగులుతుంది. కోను మీద రెండు చోట్ల టక్కుమంది, కోను మార్చాం. కప్పు నున్నగానే ఉంది, బతికిపోయాను, అది హబ్బులో దిగ్గొట్టి ఉంటుంది, దానికి గుంటలు పడితే చాలావరకు హబ్బే మార్చుకోవాలి. తర్వాత కప్పు నిండా గ్రీజు, అందులో పది బాల్సు ఒక్కొక్కటే వేలితో అద్దడం, గ్రీజే వాటిని పట్టుకుంటుంది. ఖాళీ కనిపిస్తోంది కదా అని పదకొండోది ఇరికించకండి.

ఇప్పుడు అసలు సంగతి, ఇదొక్కటి గుర్తు పెట్టుకుంటే చాలు. ఎంత బిగించాలి? చాలామంది రోడ్ బైకులకి ముందు చక్రం క్విక్ రిలీజ్ లివరుతో ఉంటుంది, పానా లేకుండా చక్రం ఊడదియ్యడానికి చేసిన ఏర్పాటది. ఆ లివరు మూస్తే బోలు ఇరుసు రెండు వైపుల నుంచీ కాస్త నొక్కుకుంటుంది, దాంతోపాటు కోన్లు కూడా బాల్సు మీద బిగుసుకుంటాయి. అంటే చక్రం చేతిలో ఉన్నప్పుడు సరిగ్గా బిగించామనుకుంటే, ఫోర్కులో, అంటే చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే కాళ్ళ మధ్య, పెట్టి లివరు మూసేసరికి అది ఎక్కువైపోతుంది. అందుకని చేతిలో ఉన్నప్పుడు పిసరంత లూజు వదలాలి. పిసరంతే. లివరు మూశాక ఆ లూజు పోవాలి. రిమ్ము పట్టుకుని అటూ ఇటూ ఊపితే టక టక అనకూడదు, అన్నదంటే ఇంకా లూజుందని. నాకు ఒక్కసారికి రాలేదు. కోను అరపావు చుట్టు తిప్పడం, లాక్ నట్టు బిగించడం, ఫోర్కులో పెట్టడం, ఊపడం, మళ్ళీ తియ్యడం, అలా ఆరుసార్లు. బాబాయి ఈలోగా రెండు పంక్చర్లు వేసి, టీ తాగొచ్చాడు.

కొన్ని హబ్బుల్లో విడి బాల్సు ఉండవు, మూసేసిన బేరింగు మొత్తంగా ఉంటుంది, పోతే అదే మార్చేయడం, ఇదంతా వాటికి వర్తించదు. దేనికైనా సరే, వాటర్ సర్వీసింగు గన్నుని మాత్రం హబ్బు వైపు తిప్పనివ్వకండి, వరద నాలుగు రోజుల్లో చేసింది అది నిమిషంలో చేస్తుంది. విడి బాల్సు ఉన్నవాళ్ళు ఏటా వానలు వెలిశాక ఒకసారి విప్పించుకోండి.

ఏడోసారి లివరు మూసి, రిమ్ము ఊపితే చప్పుడు లేదు. "వదిలెయ్" అన్నాడు బాబాయి. చక్రాన్ని వదిలేస్తే వాల్వు ఉన్న వైపు దానంతటదే కిందికి దిగి, అవతలికి లేచి, మళ్ళీ ఇవతలికి వచ్చి, ఉయ్యాలలా చాలాసేపు ఊగి ఊగి ఆగింది. బాబాయి దాన్నే చూస్తూ, "వెనక చక్రం ఎప్పుడు విప్పుతావ్?" అన్నాడు.