వసపిట్టతో సావాసం: బడ్జీ చిలుకను మచ్చిక చేసుకుని మాట నేర్పడం

నమస్కారం. ఇప్పుడు నా భుజం మీద కూర్చుని చొక్కా గుండీని కొరుకుతున్న ఈ పిట్టను మన ఊళ్లలో చాలామంది లవ్ బర్డ్ అంటారు గాని, దీని అసలు పేరు బడ్జెరిగర్. పెంచేవాళ్లు బడ్జీ అని పిలుచుకునే ఈ చిలుక ఆస్ట్రేలియాకు చెందినది. బరువు 30 నుంచి 40 గ్రాములే అయినా మాటల్లో ఇది ఎవరికీ తీసిపోదు. కాలిఫోర్నియాలో పెరిగిన పక్ అనే మగ బడ్జీకి 1,728 మాటలు వచ్చునని గిన్నిస్ పుస్తకంలో నమోదైంది. ఇలాంటి చిలుకను ఇంటికి తెచ్చుకుని, మచ్చిక చేసుకుని, మాట నేర్పడం ఎలాగో ఈ వీడియోలో చూద్దాం.

చిలుక అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది మెడకు గులాబి పట్టీ ఉన్న రామచిలుక. దాన్ని మాత్రం తెచ్చుకోకండి. మన అడవులలో, తోటలలో తిరిగే చిలుకలన్నింటికీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పిస్తోంది కనుక, వాటిని పట్టడం, అమ్మడం, కొనడం, పెంచడం నేరం. 2022లో చేసిన సవరణ తరువాత మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడే వీలుంది. భక్త రామదాసు గోల్కొండ చెరలో పన్నెండేళ్లు మగ్గడానికి, పూర్వజన్మలో ఒక చిలుకను పంజరంలో పెట్టడమే కారణమని మన పెద్దలు కథగా చెబుతారు. ఈ కాలంలో ఆ లెక్క తేలడానికి మరుజన్మ దాకా ఆగనక్కరలేదు. మీ ఇంట్లో ఇప్పటికే రామచిలుక ఉంటే, రెక్కలు కత్తిరించిన పిట్టను గాలిలోకి వదిలేయకుండా, అటవీ శాఖవారికి అప్పగించండి.

బాగా మాట్లాడే మరో చిలుక ఆఫ్రికన్ గ్రే. అయితే అది నలభై, యాభై ఏళ్లు బతుకుతుంది, పైగా దాని వివరాలను కేంద్ర ప్రభుత్వ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయాలి. మొదటిసారి పెంచేవారికి అంత బరువు వద్దని నా అభిప్రాయం.

బడ్జీలలో మాటలు పట్టుబడేది ఎక్కువగా మగవాటికే. ముక్కు పైన రంధ్రాలుండే మెత్తని భాగాన్ని దగ్గరగా చూడండి. నా పిట్టకు అది నీలంగా ఉంది. ఎదిగిన మగపిట్టకు చాలా రంగులలో ఇలాగే ఉంటుంది. పిల్ల వయసులో మగదానికి అదే భాగం అంతటా ఒకే తీరున గులాబి కలిసిన ఊదారంగులో కనిపిస్తుంది, ఆడదానికి రంధ్రాల చుట్టూ తెల్లని వలయాలుంటాయి. నుదుటి మీది నల్లని చారలు ఇంకా ముక్కు దాకా దిగి ఉంటే అది లేత పిట్ట. మూడు, నాలుగు నెలలలో మొదటి ఈకలు రాలాక ఆ చారలు పోతాయి. నేర్చుకునే వయసు అదే.

ఒకటి తేవాలా, జత తేవాలా అని అందరూ అడుగుతారు. చిలుక మనల్ని మెప్పించడానికి మాట్లాడదు. గుంపుతో కలిసి బతికే పక్షి కాబట్టి, తన గుంపు ఏ భాష మాట్లాడితే తానూ అదే పట్టుకుంటుంది. పక్కన మరో బడ్జీ ఉంటే దానికి కావలసిన భాష బడ్జీ భాషే. ఒంటరిగా ఉంటే మనమే దాని గుంపు, అప్పుడు రోజుకు రెండు, మూడు గంటలైనా దానితో గడపవలసిన బాధ్యత మనది. ఉదయం తొమ్మిదికి తాళం వేసి రాత్రి ఎనిమిదికి వచ్చే ఇల్లయితే జతనే తెచ్చుకుని, మాటల ఆశ వదులుకోవడం న్యాయం.

పంజరం ఎత్తు కన్నా పొడవు ముఖ్యం, ఎందుకంటే బడ్జీ అడ్డంగా ఎగురుతుంది. రెండడుగులకు తగ్గకూడదు, కమ్మీల మధ్య అర అంగుళానికి మించి సందు ఉండకూడదు. దుకాణంలో ఇచ్చే నున్నటి ప్లాస్టిక్ కర్రలు తీసేసి, మందు కొట్టని చెట్టు నుంచి తెచ్చిన వేప లేదా జామ కొమ్మలు కడిగి, ఎండబెట్టి అమర్చండి. కొమ్మ లావు ఒక్కో చోట ఒక్కోలా ఉండడం వల్ల పాదాలు పుండు పడవు. అద్దం పెట్టకండి, ఎదురుగా తోటి పిట్ట ఉందనుకుని దానితోనే కబుర్లలో పడుతుంది.

తిండి విషయంలో మనవాళ్లు కొర్రలు పోసి చేతులు దులుపుకుంటారు. ఉత్త గింజలతో పిట్టకు కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, విటమిన్ ఏ లోపిస్తుంది. రోజుకు రెండు చిన్న చెంచాల గింజలతో పాటు కడిగిన తోటకూర, కొత్తిమీర, మునగాకు, క్యారెట్ తురుము అలవాటు చేయండి. అవకాడో, చాక్లెట్, కాఫీ, ఉల్లి విషంతో సమానం.

ఇంట్లో ప్రమాదాలలో మొదటిది సీలింగ్ ఫ్యాన్. పంజరం తలుపు తీసే ముందు ఫ్యాన్ ఆపి, స్విచ్ మీద కాగితం అంటించండి, ఎవరో ఒకరు అలవాటుగా నొక్కేస్తారు. రెండోది వంటిల్లు: నాన్‌స్టిక్ పెనం మాడినప్పుడు వచ్చే పొగ మనకు ఘాటుగా కూడా తగలకపోవచ్చు గాని, పిట్ట ప్రాణం నిమిషాల్లో పోతుంది. సాంబ్రాణి, దోమల చుట్ట పంజరం ఉన్న గదిలో వెలిగించకూడదు.

ఇక మచ్చిక. మొదటి వారం పంజరం పక్కన కూర్చుని పేపరు చదవండి, చేయి పెట్టకండి. రెండో వారం కొర్ర కంకిని పట్టుకుని, చేతిని తలుపు లోపల కదలకుండా ఉంచండి. మొదట మూలకు నక్కుతుంది, తరువాత మెడ చాచి ఒక గింజ లాక్కుంటుంది. నిర్భయంగా తినడం మొదలుపెట్టాక, చూపుడు వేలిని ఇలా కాళ్లకు కాస్త పైన పొట్టకు ఆనించి ‘ఎక్కు’ అనండి. చూశారు కదా, ఎక్కింది. తొందరపడి గుప్పిట్లో పట్టుకుంటే రెండు వారాల శ్రమ ఒక్క క్షణంలో వృథా.

మాట నేర్పడానికి వస పోయడం, నాలుక గీకడం వంటి పనులు కొందరు చేస్తారు. అది హింస, ఫలితమూ లేదు. పక్షికి మనలా గొంతులో స్వరతంతువులు ఉండవు. శ్వాసనాళం అడుగున, అది రెండుగా చీలే చోట ఉండే సిరింక్స్ అనే అవయవం నుంచి ధ్వని పుడుతుంది. అక్కడికి మన వస చేరదు.

నేను అనుసరించే పద్ధతికి మూలం ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. ఆమె 1977లో షికాగోలోని ఒక దుకాణంలో అలెక్స్ అనే ఆఫ్రికన్ గ్రేను కొని, 2007లో అది చనిపోయే వరకు దానితో పనిచేశారు. అక్కడ పక్షికి నేరుగా పాఠం చెప్పరు. దాని ఎదుట ఇద్దరు కూర్చుంటారు. ఒకరు వస్తువు చూపి ఇదేమిటని అడుగుతారు, రెండోవారు సరిగా చెబితే ఆ వస్తువు చేతికి అందుతుంది, తప్పు చెబితే దాచేస్తారు, ఆ తరువాత పాత్రలు మారతాయి. మా ఇంట్లో నేనూ, మా అక్కా కొర్ర కంకితో ఇదే చేశాం. ‘ఏంటిది?’ ‘కంకి.’ ‘ఇదిగో కంకి.’ పిట్ట మెడ వంచి మా ఇద్దరి నోళ్లనూ మార్చి మార్చి చూసేది. ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు చాలు, కాని రోజూ జరగాలి. ఫోన్‌లో రికార్డు చేసిన మాటను గంటల తరబడి వినిపించడం వల్ల పెద్దగా లాభం కనిపించలేదు.

మరో ముచ్చట చెప్పాలి. నేను రెండు నెలలు ‘రామ రామ’ నేర్పితే, ఇది మొదట పలికింది ‘గేటు వెయ్యి’. మా అమ్మ ప్రతి రోజూ గట్టిగా, విసుగ్గా అనే మాట అది. ఉత్సాహంతోనో కోపంతోనో అన్న మాట త్వరగా పడుతుంది కాబట్టి, దాని ముందు నోరు జాగ్రత్త.

బడ్జీ చాలా వేగంగా, గొణిగినట్టు మాట్లాడుతుంది. ఏమీ రావడం లేదని నిరాశపడే ముందు, మధ్యాహ్నం కునుకు తీసే వేళ దాని గొణుగుడును రికార్డు చేసి, వేగం తగ్గించి వినండి. నాకు ‘గేటు’ అలాగే దొరికింది.

చివరిగా, పక్షులు జబ్బును దాచుకుంటాయి. ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చున్నా, ఊపిరికి తోక పైకీ కిందికీ ఊగుతున్నా అప్పటికే ఆలస్యమైనట్టే, కాబట్టి ముందే పసిగట్టడానికి వంటింటి త్రాసు మీద వారానికి రెండుసార్లు తూచి రాసుకోండి. ఇదిగో, ఈ రోజు 36 గ్రాములు. మూడు, నాలుగు గ్రాములు తగ్గితే పక్షులను చూసే పశువైద్యుని దగ్గరకు ఆ రోజే వెళ్లండి. ఇప్పుడు ఏడున్నర అయింది, దీనికి పది గంటలకు పైగా నిద్ర కావాలి. పంజరం మీద పలచని నూలు గుడ్డ ఇలా మూడు వైపులా కప్పి, గాలికి ఒక వైపు వదిలి, దీపం ఆర్పేస్తున్నాను.