తూటా దారిని లెక్కించే సాఫ్ట్‌వేర్: తెర మీది అంకెను ఎంతవరకు నమ్మాలి?

సభాధ్యక్షులకు, అధ్యాపక మిత్రులకు, హనుమకొండ చుట్టుపక్కల కళాశాలల నుంచి వచ్చిన గణిత, భౌతికశాస్త్ర విద్యార్థులకు నమస్కారం.

తూటా ఆకృతినీ, గాలిలో అది సాగే దారినీ లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడమన్నారు. ఆయుధాల గురించి చెప్పడానికి నేను తగను. నా ఆసక్తి అంతా ఆ సాఫ్ట్‌వేర్ లోపలి లెక్క మీదనే. అది ఏ ప్రశ్నకైనా మూడు దశాంశ స్థానాల వరకు జవాబిస్తుంది. వాటిలో ఎన్నింటిని మనం నమ్మవచ్చునన్నదే నేడు నేను తేల్చదలచుకున్న విషయం.

గాలి లేదనుకుంటే విసిరిన వస్తువు పరావలయంలో సాగుతుందని గెలీలియో 1638లో ప్రకటించాడు. మక్క చేనులో పిట్టలను తోలడానికి వడిసెలతో విసిరిన రాయికి ఆ లెక్క దాదాపుగా సరిపోతుంది గానీ, తూటాకు సరిపోదు. 1742లో ఇంగ్లండుకు చెందిన బెంజమిన్ రాబిన్స్ బరువైన లోలకాన్ని వేలాడదీసి, గుండు తగిలినప్పుడు అది ఎంత ఊగిందో కొలిచి, దాని నుంచి గుండు వేగాన్ని రాబట్టాడు. లోలకాన్ని దూరం జరుపుతూ పోతే వేగం ఎంత తగ్గిందో తెలుస్తుంది. గాలి నిరోధం గుండు బరువుకు ఎన్నో రెట్లు ఉంటుందని అప్పుడు తేలింది. ఆ నిరోధం వేగంతో పాటు తీరు మార్చుకుంటుంది కాబట్టి ఒక్క సూత్రంతో జవాబు రాదు. దారిని చిన్నచిన్న కాలవ్యవధులుగా విడగొట్టి, ఒక్కొక్క అడుగూ లెక్కిస్తూ పోవాలి.

ఆ పని ఎంత భారమో రెండో ప్రపంచ యుద్ధంలో తెలిసివచ్చింది. ఫిరంగి గుండు దారి ఒక్కటి లెక్కించడానికి బల్ల మీది గణనయంత్రంతో సుమారు 20 గంటలు పట్టేది; ఇలాంటి లెక్కలతో ఫిరంగుల గురి పట్టికలు తయారుచేయడం కోసమే తలపెట్టి, 1946లో లోకానికి చూపిన ఎనియాక్ కంప్యూటర్ దాన్ని అర నిమిషంలో ముగించింది. దానికి ప్రోగ్రాములు రాసినవారు ఆరుగురు మహిళలు. ఆడపిల్లకు గణితం ఎందుకని అడిగే బంధువులు మీ ఇళ్లలో ఉంటే ఈ సంగతి చెప్పండి.

నేడు ఆ లెక్క ఫోనులో క్షణంలో అయిపోతుంది. చిక్కంతా లెక్కకు మనం అందించే అంకెలలో ఉంది. వాటిలో ముఖ్యమైనది బాలిస్టిక్ గుణకం, అంటే గాలి నిరోధాన్ని తూటా ఎంత బాగా తట్టుకుంటుందో చెప్పే అంకె. ఇది తూటాకు పుట్టుకతో వచ్చిన స్థిరాంకం కాదు; ఒక ప్రామాణిక తూటాతో పోల్చి చెప్పిన నిష్పత్తి మాత్రమే. జీ1 అనే ప్రమాణం 19వ శతాబ్దపు ప్రయోగాల నుంచి వచ్చిన, అడుగు భాగం చదునుగా ఉన్న ఆకృతి. జీ7 ప్రమాణం వెనుక భాగం సన్నబడిన పొడవాటి ఆకృతి. పొడవాటి తూటాను జీ1తో పోలిస్తే ఆ గుణకం వేగాన్ని బట్టి మారిపోతూ ఉంటుంది. అలాంటప్పుడు తూటాల పెట్టె మీద అచ్చువేసిన ఒకే అంకెను ప్రోగ్రాములో వేసి, వచ్చిన జవాబును మిల్లీమీటర్లలో చదవడం నా దృష్టిలో అమాయకత్వమే.

కొలతలు లేనప్పుడు ఆకృతి నుంచే నిరోధాన్ని అంచనా కట్టే ప్రోగ్రాములున్నాయి. 1981లో అమెరికాకు చెందిన రాబర్ట్ మెకాయ్ రూపొందించిన పద్ధతి ముక్కు మీది ఒత్తిడిని, పైపొర రాపిడిని, వెనుక ఏర్పడే శూన్యతను విడివిడిగా లెక్కించి కలుపుతుంది. అది కూడా అంచనాయే. ధ్వని వేగానికి కాస్త అటూ ఇటూగా ఉన్న మండలంలో నిరోధం ఒక్కసారిగా మారుతుంది కాబట్టి, అక్కడ ఏ అంచనానైనా అనుమానంతోనే చూడాలి.

ఇక గాలి. మన రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆదిలాబాద్‌లో చలికాలపు తెల్లవారుజామున 8 డిగ్రీలకు పడిపోవడం వింతేమీ కాదు. పీడనం ఒకటే అనుకుంటే ఆ ఎండలో గాలి సాంద్రత ఆ చలిలో కంటే సుమారు 12 శాతం తక్కువ. ప్రోగ్రాములో ముందే నింపి ఉంచే 15 డిగ్రీలు మన దగ్గర ఏ మధ్యాహ్నానికీ సరిపోవు. తేమగాలి బరువైనదని చాలామంది అనుకుంటారు. నిజానికి నీటి ఆవిరి పొడిగాలి కంటే తేలిక.

క్రీడ నుంచి ఒక లెక్క చూద్దాం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో, నడి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. ఆ రైఫిల్ పేల్చే పెల్లెట్ అనే చిన్న గుండు సెకనుకు 170 మీటర్ల వేగంతో పోతే, గాలిని పక్కన పెట్టినా, లక్ష్యం చేరేసరికి దాదాపు 17 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ఆ దిగుదలను రైఫిల్ మీద గురి చూసే సైట్‌తో సరిదిద్దుకుంటారు, అందులో ఇబ్బంది లేదు. కానీ ఒక పెల్లెట్‌కూ మరో పెల్లెట్‌కూ వేగంలో సెకనుకు ఒక్క మీటరు తేడా వస్తే చాలు, తగిలే చోటు 0.2 మిల్లీమీటర్లు జరుగుతుంది. అర మిల్లీమీటరు చుక్కలో అది తక్కువేమీ కాదు. కాబట్టి అడగవలసింది సాఫ్ట్‌వేర్ ఎన్ని దశాంశాలు చూపిందని కాదు, వేగాన్ని ఎవరు, దేనితో, ఎంత ఖచ్చితంగా కొలిచారని.

భోజనం తరువాత ప్రయోగశాలలో మీరే ఒక చిన్న ప్రోగ్రాము రాస్తారు. ముందు నిరోధాన్ని సున్నా చేసి నడపండి. జవాబు గెలీలియో పరావలయంతో కలవాలి. తరువాత నిరోధాన్ని చేర్చి, కాలవ్యవధిని సెకనులో వందో వంతుగా ఒకసారి, వెయ్యో వంతుగా మరోసారి తీసుకోండి. రెండు జవాబులూ ఎన్నో దశాంశం దగ్గర విడిపోతాయో కాగితం మీద రాసి పెట్టుకోండి. దాన్ని దాటిన అంకెలను నాకు చూపించవద్దు.