పసుపు గుర్తు వెనకున్న నంబరు

అందరికీ నమస్కారం. సిస్టమ్‌లో విండోస్ కొత్తగా వేశారనుకోండి. డివైస్ మేనేజర్ తెరిస్తే 'అదర్ డివైసెస్' కింద 'ఈథర్‌నెట్ కంట్రోలర్' అని, అంటే నెట్ కేబుల్ తగిలించే ల్యాన్ చిప్, పక్కన పసుపు గుర్తు. ఆ చిప్‌ని విండోస్‌తో పని చేయించే సాఫ్ట్‌వేరే డ్రైవర్. ఏ డ్రైవర్ వెయ్యాలి? ఈ పూట ఈ ఒక్క విషయమే మాట్లాడుకుందాం.

పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఒక లాప్‌టాప్‌కి మోడల్ పేరు చూసి వరసగా నాలుగు వైఫై డ్రైవర్లు వేశాను. ఒక్కటీ పట్టలేదు. సాయంత్రానికి కస్టమర్ వచ్చి ఎదురుగా కూర్చున్నారు, నాకు ఒకటే టెన్షన్. పక్క టేబుల్ పెద్దాయన లేచి వచ్చి, ఆ గుర్తు మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ అంటూ తెరిచి, "ముందు దీని నంబరు చదువు బాబూ" అన్నారు. ఐదో డ్రైవర్‌తో వైఫై వచ్చింది.

హార్డ్‌వేర్ ఐడీస్‌లో కనిపించే ఆ నంబరు వరస పొడుగ్గా ఉంటుంది గానీ మనకు కావలసింది రెండు ముక్కలే. 'వీఈఎన్' తర్వాతి నాలుగు గుర్తులు కంపెనీవి, 'డీఈవీ' తర్వాతి నాలుగు చిప్‌వి. కంపెనీ దగ్గర 8086 ఉంటే ఇంటెల్. 1978లో వచ్చిన వాళ్ల ప్రాసెసర్ పేరే అది! 10డీఈ ఉంటే ఎన్విడియా. 10ఈసీ, 8168 కనిపిస్తే రియల్‌టెక్ గిగాబిట్ ల్యాన్ చిప్. యూఎస్‌బీ వస్తువులకు ఇవే వీఐడీ, పీఐడీ అని ఉంటాయి. అంకెలు కాక ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలే వస్తాయి కాబట్టి గుండ్రంగా కనిపించేది ఎప్పుడూ సున్నాయే, 'ఓ' కాదు. 8నీ 'బీ'నీ మాత్రం జాగ్రత్తగా చూడండి.

మోడల్ పేరు చాలదా అంటారేమో. టీపీ-లింక్ వారి డబ్ల్యూఎన్722ఎన్ వైఫై అడాప్టర్ మొదటి వెర్షన్‌లో ఎథిరోస్ చిప్ ఉంది, రెండో వెర్షన్‌లో రియల్‌టెక్ వచ్చింది. పేరు అదే. దీని డ్రైవర్ దానికి పనికిరాదు.

డౌన్‌లోడ్ చేసిన డ్రైవర్ మనదో కాదో వెయ్యకముందే తెలుసుకోవచ్చు. ఇది నాకు చాలా ఇష్టమైన పని. ఫోల్డర్‌లో ఐఎన్ఎఫ్ ఫైల్ ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి, కంట్రోల్ ఎఫ్ కొట్టి, మీ చిప్ నంబరు వెతకండి. విండోస్ కూడా ఆ ఫైల్‌లోని నంబర్లతోనే సరిపోల్చుకుంటుంది. మన నంబరు అందులో లేకపోతే ఆ ఫోల్డర్ పక్కన పెట్టెయ్యండి. 64 బిట్ విండోస్‌కి 32 బిట్ డ్రైవర్ ఎక్కదు, అదీ చూసుకోండి. లాప్‌టాప్ అయితే ముందు దాని కంపెనీ సైట్‌లోనే వెతకండి. డ్రైవర్లన్నీ మేమే వేసేస్తామనే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి.

మీ ముందున్న సిస్టమ్‌లలో ల్యాన్ డ్రైవర్ తీసేసి ఉంచాను, నెట్ రాదు. నంబరు ఫోన్‌తో ఫోటో తీసుకుని, అది ఏ కంపెనీ చిప్పో కాగితం మీద రాసి నాకు చూపించండి. డ్రైవర్లున్న పెన్‌డ్రైవ్ తర్వాత ఇస్తాను.