వరిగడ్డి నుంచి ఇథనాల్: చిక్కంతా ఫీడర్ దగ్గరే

సభలోని పెద్దలకు, రైతులకు, ఇంజినీరింగ్ విద్యార్థులకు నమస్కారం.

గడ్డి నుంచి ఇథనాల్ అనగానే అందరి దృష్టీ ఈస్టు మీదకు, ఎంజైముల మీదకు పోతుంది. ప్లాంటును ముందుగా ఇబ్బంది పెట్టేది అవి కాదు, గడ్డి లోపలికి వెళ్లే మూతి. అందుకే ఈరోజు ఎక్కువసేపు అక్కడే ఆగుతాను.

ముందు లెక్క చూద్దాం. తడి లేని వరిగడ్డి టన్నులో సుమారు 350 కిలోల సెల్యులోజు, 200 కిలోల హెమిసెల్యులోజు ఉంటాయి. రెండూ చక్కెరలు గొలుసులుగా అల్లుకున్న పదార్థాలే. మిగిలిందాంట్లో లిగ్నిన్ (గడ్డికి గట్టిదనమిచ్చే పదార్థం), బూడిద ముఖ్యం. ఆ సెల్యులోజంతా గ్లూకోజుగా విడిపోయి, ఆ గ్లూకోజంతా పులిస్తే 250 లీటర్ల ఇథనాల్ వస్తుంది. హెమిసెల్యులోజులోని చక్కెరలు కూడా పూర్తిగా పులిస్తే మరో 147 లీటర్లు. అంటే కాగితం మీద దాదాపు 400 లీటర్లు. 2022 ఆగస్టు 10న జాతికి అంకితం చేసిన పానిపట్ ఇండియన్ ఆయిల్ ప్లాంటును ఏటా 2 లక్షల టన్నుల గడ్డి నుంచి 3 కోట్ల లీటర్లు తీసేలా రూపొందించారు. టన్నుకు 150 లీటర్లు. గడ్డిలోని తేమ కొంత, ప్రతి మెట్టులో జారిపోయే చక్కెర కొంత కలిస్తే ఆ తేడా వస్తుంది.

2 లక్షల టన్నులంటే, ఏడాదిలో 330 రోజులు నడిచే లెక్కన రోజుకు 600 టన్నుల పైమాట, లారీకి 10 టన్నులు పట్టినా 60 లారీలు. వరి కోతకూ గోధుమ విత్తుకూ మధ్య హర్యానా రైతుకు దొరికేది మూడు వారాలు. ఏడాదికి సరిపడా గడ్డిని ఆ కొద్ది రోజుల్లోనే కట్టలు కట్టి వాములు వేసుకోవాలి. కట్టలో తేమ 15 శాతం దాటకూడదు. దాటితే బూజు పట్టి చక్కెరను తినేస్తుంది, వాము లోపల వేడి పుట్టి తనంతట తానే అంటుకునే ప్రమాదమూ ఉంది. వాముల మధ్య ఫైరింజన్ తిరిగేంత ఖాళీ వదలాలి.

ఇక మూతి దగ్గరకు వద్దాం. ఎంజైము లోపలికి చొరబడేలా, ముందు గడ్డిని ముక్కలు చేసి, 0.5 నుంచి 1 శాతం గంధకామ్లంతో తడిపి, 160 నుంచి 190 డిగ్రీల ఆవిరిలో కొన్ని నిమిషాలు ఉడికిస్తారు. 180 డిగ్రీల దగ్గర ఆవిరి పీడనం 10 బార్లు, అంటే మామూలు గాలి పీడనానికి సుమారు పది రెట్లు. బయట మామూలు గాలి, లోపల 10 బార్లు. మరి గడ్డి ఆగకుండా లోపలికి ఎలా వెళుతుంది? ప్లగ్ స్క్రూ ఫీడర్ దాన్ని నొక్కి నొక్కి గట్టి బిరడాగా మారుస్తుంది. ఆ గడ్డి బిరడాయే ఆవిరిని అడ్డుకునే సీలు. అది వదులైతే ఆవిరి వెనక్కి తన్నుతుంది. ఆ చోట మనిషి నిలబడి ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

బిరడా వదులవడానికి ముఖ్య కారణం అరుగుదల. వరిగడ్డిలో సహజంగానే 12 నుంచి 18 శాతం బూడిద ఉంటుంది, అందులో సింహభాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. అది స్క్రూ అంచుల్ని ఆకురాయిలా అరగదీస్తుంది. దీనికి పొలం మట్టి తోడైతే ఇక చెప్పేదేముంది? ఒక ప్రాంతపు గడ్డిలో సహజమైన బూడిద 15 శాతం అనుకోండి. పరీక్షలో 22 వచ్చిందంటే ఆ 7 శాతం మట్టే. 600 టన్నుల మీద రోజుకు 42 టన్నుల మట్టిని డబ్బిచ్చి కొని, యంత్రంలోకి తోస్తున్నట్టు. అందుకే ముక్కలు చేసే చోటే రాళ్లు పడిపోయే గుంట, ఇనుము లాగే అయస్కాంతం, ఇసుక రాల్చే జల్లెడ ఉండాలి. ఖర్చు తగ్గించాలని ముందు వీటినే కోసేస్తుంటారు. అది చాలా పెద్ద పొరపాటు.

ఉడకడం తక్కువైతే ఎంజైము లోపలికి చొరబడలేదు. ఎక్కువైతే హెమిసెల్యులోజు నుంచి వచ్చే జైలోజు అనే చక్కెర ఫర్‌ఫ్యూరాల్ అనే రసాయనంగా మారుతుంది. చక్కెరా పోతుంది, ఈస్టుకు విషమూ తయారవుతుంది. హెమిసెల్యులోజు నుంచి ఎసిటిక్ ఆమ్లం ఎలాగూ ఊడి వస్తుంది. పీహెచ్ తగ్గేకొద్దీ, అంటే పులుపు పెరిగేకొద్దీ, అది ఈస్టు కణంలోకి సులువుగా దూరుతుంది కాబట్టి పులియబెట్టేటప్పుడు పీహెచ్ 5.5 దగ్గర నిలపడం మంచిది.

సెల్యులోజును గ్లూకోజుగా విడగొట్టే ఎంజైము దశలో 50 డిగ్రీలు, పీహెచ్ 5, రెండు మూడు రోజులు. గ్రాము సెల్యులోజుకు 15 మిల్లీగ్రాముల ఎంజైము వేసినా టన్ను గడ్డికి 5 కిలోల పైనే ఎంజైము ప్రోటీను కావాలి. ఖర్చు లెక్క ఇక్కడ బరువెక్కుతుంది. నీళ్లు ఎక్కువ పోస్తే కలపడం తేలిక, కానీ చక్కెర పలచబడుతుంది. అలాగని మొత్తం బరువులో 15 శాతం గడ్డితో మొదలుపెడితే ముద్దలా ఉండి కలియదు, అందుకే విడతలుగా వేయాలి. పులిసిన ద్రవంలో ఇథనాల్ 4 శాతం కంటే తగ్గితే దాన్ని కాచి ఇథనాల్‌ను వేరు చేసే ఆవిరి ఖర్చు భరించలేం.

ఈస్టుకు 32 డిగ్రీలు చాలు. మామూలు ఈస్టు జైలోజును తినదు, ఆ పనికి మార్చిన రకం కావాలి. ఇథనాల్ దిగుబడి పడిపోయి లాక్టిక్ ఆమ్లం పెరుగుతుంటే బాక్టీరియా చేరిందని అర్థం. ముందు పైపుల మూలల్లో, వాల్వుల దగ్గర నిలిచిన మురికిని వెతకండి.

స్వేదనంతో, అంటే కాచి ఆవిరిని చల్లబరిస్తే, ఇథనాల్ 95.6 శాతం దాకానే వస్తుంది. మిగిలిన నీటిని 3 ఆంగ్‌స్ట్రామ్ జియోలైట్ (నీటి అణువు మాత్రమే దూరేంత సన్నని రంధ్రాల ఖనిజం) పట్టుకుంటుంది. పెట్రోల్లో కలపాలంటే 99.5 శాతం దాటాలి. అడుగున మిగిలే లిగ్నిన్ బాయిలర్‌కు ఇంధనం. కానీ గడ్డిలోని పొటాషియం, క్లోరిన్ వల్ల ట్యూబుల మీద గాజులాంటి పెచ్చు కడుతుంది, దాన్ని దృష్టిలో పెట్టుకునే బాయిలర్‌ను ఎంచుకోవాలి.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మొక్కజొన్న చొప్పతో డ్యూపాంట్ 2015లో ప్రారంభించిన ప్లాంటు 2017లో మూతపడింది. అదే రాష్ట్రంలో ఎమ్మెట్స్‌బర్గ్‌లో 2014లో మొదలైన ప్లాంటు 2019లో ఉత్పత్తి ఆపింది. డబ్బుకు, నిపుణులకు కొదవలేని చోటే ఇలా జరిగింది కాబట్టి ఊళ్లో డ్రమ్ములో ఈ పని చేద్దామనే ఆలోచన దయచేసి పెట్టుకోవద్దు. వేడి ఆమ్లం, అధిక పీడనం కలిసిన పని ఇది.

మన దగ్గర గడ్డి మీద మొదటి హక్కు పశువుది. మేతకు పోగా, కోత మిషన్ వదిలేసి తగలబెట్టే గడ్డికే ఈ లెక్క. సేకరించే రైతు సంఘాలు బేలర్‌ను (కట్టలు కట్టే యంత్రాన్ని) నేలను గీకనివ్వకండి, గడ్డిని పోగుచేసే రేక్ పళ్లు కాస్త ఎత్తులో పెట్టండి. కొనేవాళ్లు తూకం మీద కాకుండా తేమ, బూడిద తీసేసిన బరువు మీద ధర కట్టండి. గేటు దగ్గర ప్రతి లారీ నుంచి నమూనా తీయండి. 105 డిగ్రీల ఓవెన్‌లో తేమ, 575 డిగ్రీల కొలిమిలో బూడిద తేలతాయి. తేమ మీటరుతో అప్పటికప్పుడే చూసి తడి లారీని వెనక్కి పంపవచ్చు. బూడిద తేలడానికి గంటలు పడుతుంది కాబట్టి, ఫలితం వచ్చేదాకా ఆ లోడును విడిగా దించి ఉంచండి, వాములో కలపవద్దు.