మొదటి మూడు నెలలూ నోట్‌బుక్కు ఖాళీగానే ఉంటుంది

ఒకటో తరగతి పిల్లల అమ్మలకు, నాన్నలకు, ఎండలో బడి దాకా నడిచొచ్చిన నానమ్మలకు నమస్కారం.

ఏటా జూన్‌లో నన్నడిగే మాట ఒక్కటే. "మేడమ్, పది రోజులైంది, ఒక్క అక్షరం రాయించలేదేంటి?" పక్కింటి పాప ఎల్‌కేజీలోనే నాలుగు గీతల కాపీ నింపేస్తుంటే మీకు టెన్షన్ రావడంలో తప్పు లేదు. అందుకే ఈసారి మీరు అడగకముందే చెప్తున్నా: మొదటి మూడు నెలలు రాత తక్కువే ఉంటుంది. ఇది నా సొంత తెలివేం కాదు. దేశమంతటికీ పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు రూపొందించిన 'విద్యాప్రవేశ్' కార్యక్రమంలో ఒకటో తరగతి మొదటి మూడు నెలలూ ఆటపాటలే. 2020 జాతీయ విద్యావిధానం కూడా అంగన్‌వాడీ మూడేళ్ళనూ ఒకటి, రెండు తరగతులనూ కలిపి ఒకే దశగా చూడమంది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడు నాకివేమీ పట్టలేదు. పలకల నిండా 1 నుంచి 100 దాకా దిద్దించాను. తనిఖీకి వచ్చిన సారు ఒక పిల్లాణ్ణి పిలిచి "ఏడు చింతగింజలు ఇవ్వు నాన్నా" అన్నారు. వంద దాకా గడగడా ఒప్పజెప్పేవాడే! గుప్పెడు తీసి ఆయన చేతిలో పోశాడు. సారు నన్నేమీ అనలేదు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో గింజా లెక్కపెట్టించారు. పదమూడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మర్నాడు అమ్మమ్మ వాళ్ళింటి నుంచి ఓమనగుంటల పీట తెచ్చాను. పద్నాలుగు గుంటలు. గుంటకో గింజ వేసుకుంటూ పోవాలి. గుంట దాటేస్తే తప్పు, ఒక దాంట్లో రెండు పడితే తప్పు. పక్కవాడు ఊరుకోడు కూడా! ఒక్కో వస్తువుకు ఒక్కో లెక్క అని ట్రైనింగుల్లో మాకు గంటసేపు చెప్పే పాఠం ఇదే.

2022-23 నుంచి మన బడిలో ఒకటో తరగతి ఇంగ్లిష్ మీడియం. థర్టీన్ అంటే థర్టీ రాసే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. 'పదమూడు'లో పదీ మూడూ చెవికి వినబడతాయి, ముప్పైతో కలిసిపోవు. అందుకే ముందు తెలుగులో లెక్కపెట్టిస్తాను, ఇంగ్లిష్ పేర్లు ఆ తర్వాత. ఇది మీడియానికి ఎదురు చెప్పడం కాదండీ.

అక్షరాల సంగతికొస్తే, గోడ మీది చార్టులో ఋ అంటే ఋషి, ఐ అంటే ఐరావతం. మన ఊళ్ళో ఐరావతాన్ని ఎవరు చూశారు? అదే పిల్లలకు తంగేడు తెలుసు, గునుగు తెలుసు, బతుకమ్మలో ఏ పువ్వు మీద ఏది పేర్చాలో నాకన్నా బాగా తెలుసు. కాబట్టి పూల పేర్లతో మొదలుపెడతాం. తం-గే-డు అని మూడు చప్పట్లు, బం-తి అని రెండు. మన రాతలో చప్పట్ల లెక్కా అక్షరాల లెక్కా చాలా మాటలకు ఒకటే. పోయినేడు గునుగుకు చప్పట్లు కొడుతూ ఒక పిల్ల ఆగిపోయింది. "మేడమ్, ముందూ గు, వెనకా గు!" అంది. అప్పటికి దానికి గు రాయడం రాదు. తర్వాత రాయడానికి దానికి రెండు రోజులు కూడా పట్టలేదు.

చేతి మాట కూడా చెప్పాలి. ఐదారేళ్ళ పిల్లల మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. పేజీలకు పేజీలు రాయిస్తే వేళ్ళు నొప్పెట్టి పెన్సిలంటేనే విసుగొస్తుంది. మట్టి పిసకడం, కాగితం చింపడం, పూలు గుచ్చడం అన్నీ రాతకు సాధనే. ఇంట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీయమనండి, సగం పాడుచేసినా సరే.

మూడో తరగతి చివరికి నిమిషానికి 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం 'నిపుణ్ భారత్' లక్ష్యం. ఆ పరీక్షకు నేను భయపడటం లేదు, మీరూ భయపడకండి.

రేపు పిల్లలతో గుప్పెడు చింతగింజలు పంపండి. కడిగి ఆరబెట్టి పంపండి. ముక్కులో పెట్టుకునే వీరులుంటే మాత్రం ముందే నా చెవిన వేయండి, వాళ్ళకు గింజలు కాకుండా సీసా మూతలు ఇస్తాను.